ఊడి మొలిచిన పొలుసు

పోయిన వారం అంకమ్మను తెనాలి స్టేషన్లో నిలబెట్టి నేను చక్కా ఇంటికొచ్చేశాను. ఆవిడ ముఖం చూస్తే వదలబుద్ధి కాలేదు గానీ, ఎడిటరు గారు నాకిచ్చిన కాగితాలు అక్కడికి అయిపోయాయి. ఇవాళే మన మధ్యకు వచ్చి కూర్చున్నవాళ్ల కోసం జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేసి బయల్దేరతాను.

రేపల్లెకు కూతవేటు దూరంలో నడిమిలంక అని ఒక ఊరు. పదమూడేళ్ల కిందట వైశాఖమాసంలో ఆ ఊరి మంచినీళ్ల చెరువులో ఒక్క రాత్రికి చేపలన్నీ చచ్చి తేలాయి. గట్టు కింద జమ్ముగడ్డిలో పురుగుమందు డబ్బా దొరికింది. ఇదెవరిదని పెద్దలడిగితే "మా ఇంటిదేనండి" అంది అంకమ్మ. అంతకు వారం ముందే ఆమె మొగుడు ఏడుకొండలుకీ, చెరువు చేపల్ని వేలంలో పాడుకున్న పాటదారుకీ పెద్ద రభస జరిగింది. ఇంకేం కావాలి? ఊరు రెండోమాట అడగలేదు. ఏడుకొండలు ఊరి నీళ్లలో విషం కలిపినవాడై ఆర్నెల్లు జైల్లో ఉండి వచ్చాడు. వచ్చాక వల ముట్టలేదు. అంకమ్మ చేతి మంచినీళ్లూ ముట్టలేదు. అన్నం తింటాడు, పిలిస్తే పలుకుతాడు, నీళ్లు మాత్రం లేచి వెళ్లి తనే ముంచుకుంటాడు. ఇప్పుడు లివరు చెడిపోయి రేపల్లె ఆసుపత్రిలో మంచం పట్టాడు. ముంచుకునే ఓపిక లేదు. మొన్న అంకమ్మ గ్లాసు నోటి దగ్గర పెడితే ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇంతలో చెరువు పూడిక తీద్దామని నీళ్లు దించారు. నిన్న అడుగు బురదలో ముప్పై నాలుగు కేజీల బొచ్చె చేప దొరికింది. ఊరు ఊరంతా గట్టెక్కి చూసింది. ఎందుకంటే, ఆ చావు తర్వాత అందులో చేపపిల్ల వెయ్యకూడదని కట్టుబాటు చేసుకున్నారు. కాలవ నుంచి నీళ్లొచ్చే తూముకు సన్న జాలీ ఉంది. వస్తే గిస్తే చీమంత పిల్ల రావాలి, వచ్చి లోపలే పెరగాలి. మరి ఈ భూతం ఎప్పటిది? ఆ రాత్రికి ముందుదా, తర్వాతదా? ముందుదైతే, చెరువంతా విషమైపోయిందన్న మాట నిలవదు. మేత బాగుంటే ఎనిమిదేళ్లకే అంతవుద్దని కొందరు, ఇరవై ఏళ్లయినా కాదని కొందరు. వాదన తేలకముందే చేప తెనాలి మార్కెట్‌కు వెళ్లిపోయింది. ఆసుపత్రిలో నర్సు హెప్సిబా ఆ చేప ఫొటోను బాపట్లలో తనకు జంతుశాస్త్రం పాఠాలు చెప్పిన లలిత మేడానికి పంపింది. "బరువు చూసి వయసు చెప్పేవాళ్లని నమ్మొద్దు. పొలుసు తీసుకురమ్మను. ఏడాదికో గీత ఉంటుంది, లెక్కపెడదాం" అన్నదావిడ.

అదుగో, ఆ పొలుసు కోసమే అంకమ్మ పొద్దున్నే రేపల్లె బండెక్కి తెనాలిలో దిగింది.

మార్కెట్లో ఆ చేపను కొన్న యాకూబ్ పీట ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. జనం అక్కడే మూగి ఉన్నారు. తీరా తోసుకుంటూ ముందుకెళ్తే పీట మీద నాలుగు శీలావతులు తప్ప ఏమీ లేదు. జనం చూస్తున్నది యాకూబ్ ఫోన్లో ఫొటోని.

"ఇదేం పెద్దది? పెనుమూడి రేవులో మా తాత పట్టిన వాలుగని నులకమంచం మీద పడుకోబెడితే తోక కింద వేళ్లాడేది" అంటున్నాడు సంచీ పట్టుకున్న ఒక పెద్దాయన.

"పోయినేడు చెప్పినప్పుడు మంచానికి సరిపోయిందన్నారు బాబాయ్. మీ తాత చేప చచ్చాక కూడా పెరుగుతానే ఉంది" అన్నాడు యాకూబ్, కత్తి తుడుచుకుంటూ. అందరూ గొల్లుమన్నారు.

అంకమ్మకు నవ్వు రాలేదు. "తమ్ముడూ, ఆ చేప ఏది?" అంది.

"ఆలస్యమైందక్కా. ఏడింటికే ముక్కలైపోయింది. తల కూడా లేదు, కొల్లిపర పెళ్లివారు పట్టుకుపోయారు."

"కూరకి కాదు. నాకు దాని పొలుసు కావాలి."

యాకూబ్ ఆమెను ఎగాదిగా చూశాడు. తర్వాత కత్తి కొసతో వెనక్కి చూపించాడు. "పొలుసు సంగతి అమ్మ చూసుకుంటది. అమ్మనడుగు."

పీటల వెనక, కుళాయి పక్కన, యాకూబ్ తల్లి గౌస్ బీ ముక్కాలిపీట వేసుకుని కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. చేతులు మాత్రం ఇంకా చురుగ్గా ఆడుతున్నాయి. ఆమె ముందు రెండు టబ్బుల నిండా పొలుసులు. పక్కన ఎండిన పొలుసుల గోతాలు నాలుగు. ఒకప్పుడు ఇవన్నీ కాలవ పాలయ్యేవి. ఇప్పుడు ఎవరో వ్యాను వేసుకుని వచ్చి కొనుక్కుపోతున్నారు. మందుల్లో వాడతారట, ముఖానికి రాసుకునే క్రీముల్లో వాడతారట. ఆ వ్యాను అప్పటికే గేటు దగ్గరకొచ్చి హారన్ కొడుతోంది.

అంకమ్మ అడగడం, బతిమాలడం అన్నీ మర్చిపోయి వంగి టబ్బులో చెయ్యి పెట్టింది. గౌస్ బీ ఆ మణికట్టు పట్టుకుంది. ముసలి పట్టే గానీ ఉడుంపట్టు.

"ఎవరమ్మాయ్ నువ్వు? అడగా పెట్టా లేదా?"

"అమ్మా, నిన్నటి పెద్ద బొచ్చె పొలుసులు అరడజను ఇప్పించు. నీ కాళ్లు మొక్కుతా."

"పెద్ద చేప పొలుసు దేనికడుగుతారో నాకు తెలుసు. పోయిన నెల ఒకావిడ ఇట్టాగే వచ్చింది. ఆడపడుచు గుమ్మంలో పాతిపెట్టడానికంట. నా చేత్తో అట్టాంటి పనులకి ఇయ్యను."

"అయ్యో, చేతబడికి కాదమ్మా. నా మొగుడి కోసం."

"అదే కదా నేననేది! మొగుణ్ణి వశం చేసుకోడానికి చేప పొలుసా? యా అల్లా! ఈ వయసులో నీకదేం పోయేకాలం?"

హారన్ మళ్లీ మోగింది. యాకూబ్ వచ్చి ఒక గోతం భుజానికెత్తుకున్నాడు. ఆ గోతంలో ఉందో, ఈ టబ్బులో ఉందో, ఏ పొలుసు ఏ చేపదో తెలియదు. ఇంకో ఐదు నిమిషాలైతే వ్యాను వెళ్లిపోతుంది. రేపల్లెలో ఆ మనిషి ఇవాళ ఉంటాడో, రేపు ఉంటాడో కూడా తెలియదు. ఆమె గౌస్ బీ కాళ్ల దగ్గర ఆ తడి నేల మీదే కూలబడిపోయింది.

"ఆ చెరువుని చంపింది నేనేమోనమ్మా" అంది.

ఇదుగో, పాఠకులు నా మీద కోపం తెచ్చుకోవద్దు. ఇన్ని వారాలుగా అంకమ్మ పక్కనే నడుస్తున్నాను గానీ ఈ మాట నాకూ చెప్పలేదావిడ. కట్టుకున్న మొగుడికే చెప్పనిది, రాసుకునేవాడికి చెబుతుందా? పదమూడేళ్లు కడుపులో పెట్టుకున్నది, ముక్కూ మొహం తెలియని ముసలమ్మ ముందు, పొలుసుల నీళ్లలో కూర్చుని బయటపెట్టింది.

"వలకి బెండు కావాలన్నాడు. మావేపు ఖాళీ మందు డబ్బాలే బెండ్లుగా కట్టుకుంటాం, మూత బిగిస్తే తేల్తయ్యి కదా. ఇంట్లో మిరపతోటకి తెచ్చిన డబ్బా ఉంది. అడుగున ఇంకా గుక్కెడు మందుంది. ఇంట్లో కుళాయి రాలేదు. పొద్దుగూకే వేళ ఎవరూ చూడకుండా చెరువు రేవులోకి పోయి కడిగేశా. తాగే నీళ్లమ్మా అయ్యి! కడగంగానే నీళ్లు పాలమల్లే తెల్లగా అయిపోయినయ్యి. భయమేసి డబ్బా జమ్ములో పడేసి ఇంటికొచ్చేశా. తెల్లారేసరికి చేపలన్నీ…"

"నీ మొగుడికి చెప్పలేదూ?"

"ఎట్టా చెప్పను? పెద్దోళ్లు డబ్బా ఎత్తి చూపించి ఎవరిదే అన్నారు. మాదేనన్నా. నేను కడిగానన్న మాట నోటిదాకా వచ్చింది. అది బయటికొచ్చే లోపలే అందరూ ఆయన వేపు తిరిగారు. ఆయన నన్నొక చూపు చూశాడు. కాదనలా, అవుననలా. తలొంచుకుని పోలీసుల యెనకాల నడిచిపోయాడు. నేనట్టా నిలబడి చూస్తా ఉన్నా. నా నోరు పడిపోనూ, నిలబడి చూశానమ్మా!"

గౌస్ బీ పట్టు వదిలింది. కొడుకును కేకేసింది. "ఒరే యాకూబ్! ఆ గోతాం దించు. వ్యానోణ్ణి ఉండమను."

"అమ్మా, వాడు అరుస్తన్నాడు…"

"అరిస్తే అరవనీ. వాడి గొంతు వాడిది. దించమన్నానా!"

వెతకాల్సింది గోతంలో కాదు, రెండో టబ్బులో. గౌస్ బీకి అది ముందే తెలుసు, గోతం దించమన్నది వ్యాను కదలకుండా ఆపడానికి. మోచేతి దాకా చెయ్యి దింపి, అడుగున ఉన్నవి తడిమి తడిమి, ఒక్కొక్కటే బయటకు తీసింది. అరచేతిలో సగం ఉంది ఒక్కోటి. మిగతా చేపల పొలుసులు వాటి పక్కన చింతగింజల్లా కనబడ్డాయి. అలాంటివి ఆరు దొరికాయి. ఏడోది విరిగిపోయి ఉంది.

"తడిగుడ్డలో చుట్టుకో. ఎండితే చుట్టలు చుట్టుకుపోయి దేనికీ పనికిరావు" అంది ముసలామె. అంకమ్మ మూట కట్టుకుని లేస్తుంటే మళ్లీ పిలిచింది. "అమ్మాయ్! లెక్క ఎటు తేలినా సరే, పోయి చెప్పు. మనిషి ఉండగానే చెప్పు. మట్టి కప్పినాక ఎంత మొత్తుకున్నా అది వినదు."

బాపట్ల వెళ్లే పాసింజర్లో అంకమ్మకు సీటు దొరికింది. ఒళ్లో తడి మూట. చీర కుచ్చిళ్లు తడిసి కంపు కొడుతుంటే ఎదురు సీట్లో కాలేజీ పిల్లలు ముక్కులకు చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. ఆమె గమనించలేదు. పదమూడు, పదమూడు అని లోపల అనుకుంటోంది. గీతలు పదమూడు కంటే తక్కువ ఉన్నాయా, చేప తర్వాత వచ్చినదే. అప్పుడు ఏదీ బతకలేదన్నమాటే మిగులుతుంది, తను కడిగిన డబ్బానే మిగులుతుంది. దాటి ఉంటే? దాటి ఉంటే ఏమవుతుందో ఆలోచించడానికి కూడా ఆమెకు భయం వేసింది.

పొన్నూరు దాటాక ఫోన్ మోగింది. హెప్సిబా.

"అత్తా, ఎక్కడున్నావు? మావయ్య పొద్దుట్నుంచి నీళ్లు తాగట్లా. చెంచాతో పోసినా ఊసేస్తన్నాడు. పెదాలు పగిలిపోతన్నయ్. సెలైన్ ఎక్కుతుందిలే గానీ, డాక్టరు గారి మొహం నాకు నచ్చలా."

"ఏమన్నా అడుగుతున్నాడా?"

"నిన్నే అడిగాడత్తా. 'అది ఎటు పోయింది' అన్నాడు. చేప పని మీద పోయిందని చెప్పా. నవ్వాడు."

నవ్వాడట! ఎందుకు నవ్వాడో అంకమ్మకు అర్థం కాలేదు. బాపట్ల వచ్చేదాకా ఆ నవ్వే ఆమెను పీక్కుతింది.

లలిత మేడం ఇల్లు స్టేషనుకు దగ్గరే. తలుపు తీసి, అంకమ్మ అవతారం చూసి, ముందు మంచినీళ్లిచ్చింది. అంకమ్మ తాగలేదు. గ్లాసు పక్కన పెట్టి మూట విప్పింది.

"కూర్చోమ్మా."

"ముందు చూడండి మేడం."

మేడం ఒక పొలుసు తీసుకుని, సబ్బునీళ్లలో వేసి, పాత టూత్‌బ్రష్‌తో జిగురంతా పోయేలా రుద్దింది. రెండు గాజుపలకల మధ్య పెట్టి, బల్లదీపం మీదకు ఎత్తి, భూతద్దం కంటికి ఆనించుకుంది. పొలుసు నిండా సన్న సన్న గీతలు, మధ్య నుంచి అంచుదాకా. అక్కడక్కడ గీతలు ఒత్తుగా కూడుకుని ఒక పట్టీలా కనిపిస్తున్నాయి. ఆ పట్టీ ఒక్కోటీ ఒక్కో ఏడన్నమాట. పెన్సిలు ములికితో బయట నుంచి లోపలికి లెక్కపెట్టుకుంటూ వచ్చింది. అంకమ్మ ఆ పెదాలనే చూస్తోంది. ఎనిమిది, తొమ్మిది, పది…

"పదకొండు" అంది మేడం. ఇంకోసారి లెక్కపెట్టింది. "పదకొండే."

అంకమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"ముప్పై నాలుగు కేజీలుంది కదండీ! అంత చేప పదకొండేళ్లకే పెరుగుద్దా?"

"పెరగొచ్చు, పెరక్కపోవచ్చు. మేత ఉండి, చోటు ఉండి, వల పడకుండా ఉంటే బొచ్చె ఎంతకైనా వస్తుంది. కరువు చెరువులో పదేళ్లదీ ఐదు కేజీలుంటుంది. అందుకే బరువుని నమ్మొద్దన్నాను."

"అయితే నేనే. నేనే చంపానండీ" అంది అంకమ్మ. ఏడుపు కూడా రాలేదు. ఇన్నాళ్లూ ఏదో ఒక మూల 'కాదేమో' అన్న చిన్న ఆశ ఉండేది. అదీ పోయింది. రేపల్లె వెళ్లి ఆయన కాళ్ల మీద పడటమొక్కటే మిగిలింది. పడనిస్తాడా?

మేడానికి ఆ 'నేనే' ఏమిటో తెలియదు. అడగబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయింది. ఏం చెయ్యాలో తోచక రెండో పొలుసు కడిగి దీపం మీద పెట్టింది. కాసేపటికి కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇదేంటి? తొమ్మిది!"

"ఇంకా తగ్గిందా?"

"ఆగమ్మా, ఆగు. ఒకే చేప ఒంటి మీద ఒక పొలుసు పదకొండేళ్లదీ ఒకటి తొమ్మిదేళ్లదీ ఎట్లా ఉంటాయి?" మొదటిది మళ్లీ ఎత్తి చూసింది. "అరె! నా కళ్లు కాకులెత్తుకుపోనూ! ఇటు రా, ఇందులోకి చూడు. నడిమధ్యన ఏం కనబడుతోంది?"

అంకమ్మ భూతద్దంలోకి చూసింది. అంచుల్లో గీతలున్నాయి. మధ్యలో రూపాయి బిళ్లంత మేర గీతల్లేవు, అంతా చెరిపేసినట్టు గరుగ్గా ఉంది.

"ఏమీ లేదండి."

"అదే! ఇవి ఊడి మొలిచినవి. వలలో రాసుకునో, రాయి తగిలో చేపకు పొలుసు ఊడుతుంది. ఊడిన చోట మళ్లీ కొత్తది మొలుస్తుంది. కానీ మొలిచిన నాటి నుంచే దానికి గీతలు పడతాయి. అంతకు ముందు సంగతి దానికి తెలియదు, మధ్యలో ఖాళీగా వదిలేస్తుంది. నాకు పుట్టినప్పటి పొలుసు కావాలి. ఎన్ని తెచ్చావు?"

ఆరు తెచ్చింది. రెండు అయిపోయాయి. మూడోదీ ఖాళీయే. నాలుగోదానికి మధ్యన చిల్లు, యాకూబ్ కత్తి తగిలిందేమో. ఐదోది కడుగుతుంటే మేడం చేతిలోనే రెండుగా చీలింది. మేడం 'అయ్యో' అంది. అంకమ్మ దేవుడా అని కూడా అనలేదు, ఏ దేవుణ్ణి పిలవడానికీ ఆమెకు ముఖం చెల్లలేదు.

ఆరోదాన్ని మేడం బ్రష్‌తో రుద్దలేదు. వేలికొసతో, పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచింది. గాజుల మధ్య పెట్టింది. దీపం మీదకు ఎత్తింది.

మధ్యలో చుక్క ఉంది. ఆవగింజంత నిండు చుక్క, దాని చుట్టూ తెగకుండా గీతలు.

ఈసారి మేడం లోపల నుంచి బయటకు లెక్కపెట్టింది. పైకే అంది. పది, పదకొండు, పన్నెండు అన్నాక పెన్సిలు నెమ్మదించింది. "పదమూడు… పద్నాలుగు." తల ఎత్తకుండా మళ్లీ మొదలుపెట్టింది. మూడుసార్లు లెక్కపెట్టింది. మూడుసార్లూ పద్నాలుగే.

"ఈ చేప ఆనాడు చెరువులో ఉందమ్మా. ఏడాది నిండిన పిల్ల, జానెడు ఉంటుందేమో. ఇంకొకటి చూడు. మొదటి పట్టీ దాటిన కాసేపటికే ఇక్కడ ఒక నల్లటి సన్నగీత ఉంది. ఇది ఏడాది గీత కాదు. చేపకు ప్రాణం మీదకొచ్చినప్పుడు ఇలాంటిది పడుతుంది. అదే రోజని ప్రమాణం చెయ్యలేను గానీ, ఆ ఏడే. నాకొకటి చెప్పు, ఆనాడు చచ్చినవి ఏ సైజువి?"

"పెద్దయ్యేనండి. తొడలంతయ్యి. తట్టల్లో మోసి గుంటలో పూడ్చాం."

"చిన్నవి? వేలెడువి, జానెడువి?"

అంకమ్మ కళ్లు మూసుకుంది. పదమూడేళ్లుగా చూడకూడదనుకున్న ఆ రేవుని మళ్లీ చూసింది. తెల్లటి పొట్టలు, అన్నీ పెద్దవే. జమ్ము మొదట్లో మాత్రం నీటి మీదకు చిన్న చిన్న నోళ్లు తెరుచుకుని… "చిన్నయ్యి చావలేదండి. నోళ్లు పైకి పెట్టి గుటకలు మింగుతా ఉన్నయ్."

"అంతకు ముందు మబ్బు పట్టిందా?"

"నాలుగు రోజులు. ఆకు కదల్లేదు. చెరువంతా పచ్చగా పాచి."

లలిత మేడం భూతద్దం కింద పెట్టింది. "మందు పడిన చెరువులో ముందు పోయేవి పిల్లలు. ఊపిరి అందని చెరువులో ముందు పోయేవి పెద్దవి, వాటికి ఎక్కువ గాలి కావాలి కాబట్టి. మబ్బు రోజుల్లో ఎండ లేక ఆ పాచే నీళ్లలో ఉన్న గాలంతా రాత్రికి రాత్రి తినేస్తుంది. మీ చెరువు ఉక్కపోసి చచ్చిందమ్మా. ఎవరూ చంపలేదు."

"నేను డబ్బా కడిగానండి!" అంది అంకమ్మ, దాదాపు అరిచినట్టు. "అడుగున మందుంది. నీళ్లు తెల్లగా అయినయ్యి. నా కళ్లతో చూశా!"

మేడానికి అప్పుడు అర్థమయింది. మెల్లగా అంది. "కడగడం తప్పే. తాగే నీళ్లలో కడక్కూడదు. రేవులో నాలుగు పరిగిపిల్లలు చచ్చి ఉంటాయేమో. గుక్కెడు మందు ఆరెకరాల చెరువుని చంపదు, అందులోనూ పెద్దవాటిని ఏరి ఏరి అసలే చంపదు. ఇది నువ్వు చెయ్యలేదు. ఆయనా చెయ్యలేదు."

సంతోషించాల్సిన మాటే కదా! అంకమ్మ సంతోషించలేదు. ఎవరూ చెయ్యని నేరానికి ఒక మనిషి జైలుకు పోయాడు. ఎవరూ చెయ్యని నేరానికి ఒకే ఇంట్లో ఇద్దరు పదమూడేళ్లు రెండు కడవల నీళ్లు తాగారు. ఆ రోజు 'నేను కడిగానండి' అని ఒక్క మాట అని ఉంటే, తిట్టో కొట్టో, ఎవరో ఒకరు చిన్న చేపల సంగతి అడిగి ఉండేవారేమో! ఆమె నుదురు బల్లకేసి కొట్టుకుంది. మేడం లేచి వచ్చి పట్టుకుంది.

ఫోన్ మోగింది. మళ్లీ హెప్సిబా. గొంతులో తొందర.

"అత్తా, మావయ్య నీతో మాట్లాడాలంటన్నాడు. ఊపిరి ఎగపోస్తన్నాడు, ఎక్కువసేపు వద్దు. చెవి దగ్గర పెడుతున్నా, మాట్లాడు."

"మావా!" అంది అంకమ్మ. "మావా, నేను చెప్పేది విను. నేను…"

"నువ్వాగు." గాలి తప్ప గొంతు లేదు అందులో. "నన్ను చెప్పనీ. మళ్లీ చెప్పలేను. చేప యెనక పడి తిరగమాకే. దేనికి తిరుగుతున్నావో నాకు తెలుసు. ఆ రోజు పొద్దుగూకే వేళ… నువ్వు రేవులో డబ్బా కడుగుతుంటే… గట్టు మీంచి చూశాను."

అంకమ్మ ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నువ్వే చంపావని తెలుసు. ఆడదానివి, జైలుకి పోతే బతకవని ఊరుకున్నా. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని చూశా. నువ్వు చెప్పిన రోజు నీ చేతి నీళ్లు తాగుదామని…" దగ్గు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

"కాదు మావా! నేను చంపలేదు, ఎవరూ చంపలేదు, చెరువే… మావా, వింటున్నావా? పొలుసులో…"

"అత్తా, డాక్టరు గారొచ్చారు. మాస్కు పెడుతున్నారు. పెట్టేస్తన్నా, నువ్వు తొందరగా రా." ఫోన్ ఆగిపోయింది. తిరిగి చేస్తే మోగి మోగి ఊరుకుంది.

లలిత మేడం అప్పటికే చెప్పులు వేసుకుంటోంది. చెరుకుపల్లి మీదుగా రేపల్లె పోయే బస్సు ఇంకో పావుగంటలో ఉందట. ఆటో పిలవడానికి వీధిలోకి పరిగెత్తింది. అంకమ్మ పొలుసును గాజుపలకలతో సహా తడిగుడ్డలో చుట్టి జాకెట్లో దోపుకుంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. తను తాగకుండా వదిలేసిన గ్లాసు బల్ల మీద అలాగే ఉంది. ఆ నీళ్లు పక్కనున్న ఖాళీ సీసాలో పోసుకుని మూత గట్టిగా బిగించింది.

బస్సెక్కి కూర్చున్నాక కూడా ఆ సీసాను రెండు చేతుల్తో పట్టుకునే ఉంది. చెయ్యని పాపానికి ఆయన ఆమెను క్షమించేశాడు. అది పాపమే కాదని ఆయనకింకా తెలియదు. డ్రైవరు టీ తాగుతూ కింద నిలబడి ఉన్నాడు. "బాబూ, బయల్దేరవయ్యా, నీకు పుణ్యముంటది" అని కిటికీలోంచి అరిచింది అంకమ్మ. అతను గ్లాసు చూపించి, ఐదు నిమిషాలు అన్నట్టు చెయ్యి ఎత్తాడు.